దండెం మీద శాండో

మా ఇంట్లో దండెం మీద రోజూ నాలుగు శాండోలు ఆరుతుంటాయి. రెండు మావారివి, రెండు మా అబ్బాయివి. బట్టల కొట్లో కూడా అంతే కదా, చేతులున్నది కావాలా శాండో కావాలా అనే అడుగుతారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ బనీన్లు కొన్ని వందలసార్లు ఉతికి ఉంటాను. ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆలోచించాల్సి వచ్చింది మావాడి మూలంగానే. ఇంటర్ రెండో ఏడు చదువుతూ జిమ్ముకి వెళ్లడం మొదలెట్టాడు. కండలు చూపించుకోవడానికి కాదట, బరువులెత్తడానికట. రాడ్ భుజాల మీద పెట్టుకుని గుంజీ తీయడం, బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం, నేల మీంచి రాడ్ ని నడుం దాకా లేపి నిలబడడం... ఈ మూడూ కలిపి పవర్ లిఫ్టింగ్ అంటారని వాడే చెప్పాడు. దానికో నోటు పుస్తకం పెట్టాడు. తేదీ, ఏం చేశాడు, ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు. నలభైతో మొదలై నలభై రెండున్నర, నలభై అయిదు, అలా అరవై దాకా వచ్చింది. తర్వాత మూడు వారాలు వరసగా అరవయ్యే. నాలుగో వారం ఆ పుస్తకం అటక మీద పాత పేపర్ల మధ్య దొరికింది నాకు. అదెందుకక్కడ పడేశావురా అంటే, ఇక పెరగదులే అమ్మా అని వెళ్లిపోయాడు.

ఆ పుస్తకం చూస్తే నాకు నా క్యాలెండరు గుర్తొచ్చింది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు అన్నీ మనం అలాగే కదా రాసుకుంటాం! రాసుకోకపోతే నెలాఖర్న ఎవరి నోటి మాట వాళ్లదే. వంట్లో బలానికి కూడా ఇలా లెక్క రాసుకోవాలని లోకానికి నేర్పిందెవరా అని వెతుక్కుంటూ వెళితే, తిరిగి తిరిగి మా దండెం దగ్గరికే వచ్చాను. యూజిన్ శాండో.

ఆ పేరు కూడా అతని అసలు పేరు కాదు. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్ బర్గ్ లో పుట్టాడు. ఇప్పుడా ఊరు రష్యాలో ఉంది, కాలినిన్ గ్రాడ్ అంటున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ ముల్లర్. పద్దెనిమిదేళ్లొచ్చేసరికి సైన్యంలో చేరక తప్పని రోజులవి. అది ఇష్టం లేక 1885లో దేశం దాటేశాడు. సర్కస్ లో చేరి పొట్టపోసుకున్నాడు. అప్పుడు పెట్టుకున్న పేరే శాండో. తల్లి పుట్టింటి పేరుని కాస్త మార్చి పెట్టుకున్నాడు. మనలో పెళ్లి కాగానే పుట్టింటి పేరు వదిలేసిన వాళ్లం ఎంతమందిమో! ఆ తల్లి పుట్టింటి పేరేమో నూట పాతికేళ్ల తర్వాత కూడా తెలుగువాళ్ల దండేల మీద ఆరుతోంది.

చిన్నప్పుడు తను పీలగా, నీరసంగా ఉండేవాణ్ణని శాండో చెప్పుకునేవాడు. తండ్రితో ఇటలీ వెళ్లినప్పుడు అక్కడి పాతకాలపు రాతి విగ్రహాలు చూసి అలాంటి వొళ్లు కావాలనుకున్నానని రాసుకున్నాడు. తన గురించి తను చెప్పుకున్న ఇలాంటి కథల్ని సగానికి సగం తగ్గించి వినాలి. అందులో ఎంత నిజమో గానీ బ్రస్సెల్స్ లో అతనికి మంచి గురువు దొరికిన మాట మాత్రం నిజం. ఆయన లూయీ డుర్లాకర్. లోకానికి ప్రొఫెసర్ అట్టిలా. అప్పట్లో చాలామంది వ్యాయామం పేరిట తేలికపాటి కర్రలూ, చిన్న డంబెల్సూ తిప్పుతుండేవారు. అట్టిలా మాత్రం శాండో చేత పెద్ద బరువులెత్తించాడు. ఇవాళ ఎత్తిన దానికి కొంచెం చేర్చి రేపు ఎత్తించడం ఆయన పద్ధతి. ఇంత చిన్న సూత్రమే! పాతకాలం గ్రీకు వస్తాదు మైలో రోజూ ఒక దూడని భుజాన వేసుకుని తిరిగితే, అది ఎద్దయ్యేసరికి అతనికి ఎద్దుని మోసే బలం వచ్చిందని ఒక కథ ఉంది. అట్టిలా దూడ బదులు ఇనుము వాడాడు. ఇనుముతో ఒక సుఖం ఉంది. అదెంత పెరిగిందో తూచి కాగితం మీద పెట్టొచ్చు.

హాలండ్ లో ఉన్నప్పటి సంగతొకటి శాండో తనే చెప్పుకున్నాడు. ఆమ్ స్టర్ డామ్ వీధుల్లో నాణెం వేస్తే మన బలం ఎంతో చూపించే యంత్రాలుండేవి. ఎవరూ ప్రదర్శనకి పిలవడం లేదన్న ఉక్రోషంతో రాత్రిళ్లు తిరిగి వాటిని లాగి విరగ్గొట్టాడట. పోలీసులు పట్టుకున్నాక ఊరంతా అతని పేరే. సగానికి తగ్గించి విన్నా సరే, కొలిచే యంత్రాలని విరగ్గొట్టి పేరు తెచ్చుకున్న మనిషే తర్వాత కొలతలతోనే బతికాడంటే నవ్వొచ్చింది నాకు.

పెద్ద పేరు వచ్చింది మాత్రం లండన్ లో. 1889లో అక్కడి రాయల్ అక్వేరియంలో శాంసన్ అనే బలశాలి తన శిష్యుడు సైక్లోప్స్ ని వెంటబెట్టుకుని, మమ్మల్ని గెలిచినవాళ్లకి ఇంత డబ్బిస్తామని రోజూ సవాలు విసిరేవాడు. ప్రేక్షకుల్లోంచి లేచి వేదికెక్కాడు శాండో. ముందు శిష్యుణ్ణి, కొద్ది రోజులకి నవంబరు 2న గురువునీ ఓడించాడు. ఇరవై రెండేళ్లకి లండన్ నోట్లో నానే పేరయ్యాడు.

1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందస్వామి మాట్లాడిన సర్వమత సభ జరిగిందే, ఆ సందర్భమే. అక్కడ ఫ్లోరెంజ్ జీగ్ ఫెల్డ్ అనే యువకుడు శాండోని ట్రొకడెరో నాటకశాలలో ఆడించాడు. అతను ఒక సంగతి కనిపెట్టాడు. జనం బరువుల్ని చూడడం లేదు, బరువులెత్తే వొంటిని చూస్తున్నారు! దాంతో ప్రదర్శన తీరే మారిపోయింది. ఊళ్లో గొప్పింటి ఆడవాళ్లు 300 డాలర్లు ధర్మానికిచ్చి తెర వెనక్కి వెళ్లి అతని కండ ముట్టి చూసి వచ్చారని గొప్పగా చెప్పుకునేవారు. మరుసటేడు ఎడిసన్ గారి స్టూడియోలో శాండో కండలు తిప్పుతుండగా నిమిషం కూడా లేని సినిమా తీశారు. అది ఇప్పటికీ ఉంది. నేనూ చూశాను. పాలరాతి బొమ్మ ఉన్నట్టుండి కదిలినట్టు ఉంది.

ఆ అమెరికా ప్రయాణంలోనే అతన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ డడ్లీ సార్జెంట్ పరీక్షించాడు. ఈ సార్జెంట్ గురించి రెండు మాటలు చెప్పాలి. కాలేజీలో చేరిన కుర్రాళ్ల ఎత్తూ బరువూ ఛాతీ జబ్బ తొడ పిక్కా అన్నీ టేపు పెట్టి కొలిచి, పట్టిక మీద చుక్కలు పెట్టి, ఎక్కడ వెనకబడ్డారో చూపించి, దానికి తగ్గ వ్యాయామం రాసిచ్చేవాడు. కొన్నాళ్లు చేశాక మళ్లీ కొలిచేవాడు. మన పిల్లలకి అంగన్ వాడీలో బరువు తూచి కార్డు మీద గీత గీస్తారు చూడండి, ఆ పద్ధతే. ఆడపిల్లలకి వ్యాయామం చెప్పే ఉపాధ్యాయినుల కోసం బడి కూడా పెట్టాడాయన, అదీ 1881లో! అలాంటివాడు శాండోని కొలిచి, ఇంత తీర్చిదిద్దినట్టున్న మనిషిని చూడలేదన్నాక శాండోకి కొలతల విలువ తెలిసొచ్చింది. చప్పట్లు ఆ రాత్రితో సరి. కాగితం మీది అంకె మర్నాటికీ ఉంటుంది.

1897లో లండన్ లోని సెయింట్ జేమ్స్ స్ట్రీట్ లో పెద్ద వ్యాయామశాల తెరిచాడు. అదే ఏడు ఒక పుస్తకం రాశాడు. మరుసటేడు పత్రిక పెట్టాడు. నాకు నచ్చినవి ఆ పుస్తకంలోని పట్టికలు. ఇంత వయసు వాళ్లు ఈ వ్యాయామం ఇన్నిసార్లతో మొదలెట్టాలి, ఇన్ని రోజులకోసారి ఒకటి చొప్పున పెంచాలి. చిన్నపిల్లలకి వేరు, పెద్దవాళ్లకి వేరు. ఆడపిల్లల్ని కూడా వదిలిపెట్టలేదు. వ్యాయామం మొదలెట్టే ముందు మెడ, ఛాతీ, జబ్బ, మోచెయ్యి కింద, నడుము, తొడ, పిక్క కొలుచుకుని రాసుకోమన్నాడు. కొన్నాళ్లకి మళ్లీ కొలుచుకోవాలి. దూరాన ఉన్నవాళ్లు ఆ కొలతలు పోస్టులో పంపిస్తే వాళ్లకి తగ్గ పాఠం పోస్టులోనే వచ్చేది. అలా ఎక్కడెక్కడి గుమాస్తాలూ, బడిపంతుళ్లూ టేపు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు. శిష్యుల అంకెలు, ముందూ వెనకా, అతని పుస్తకంలోనూ పత్రికలోనూ అచ్చయ్యేవి. మన టైలరు దగ్గర నోటు పుస్తకంలో ఊరందరి జాకెట్ల కొలతలూ ఉన్నట్టే, శాండో దగ్గర సగం ప్రపంచం కొలతలుండేవి.

ఇక్కడే నా ఫిర్యాదు కూడా ఉంది. శిష్యులకి అతను అమ్మినవి తేలికపాటి డంబెల్స్. గట్టిగా పిడికిలి బిగించి పట్టుకునేలా మధ్యలో స్ప్రింగులు పెట్టినవి, సాగదీసే రబ్బరు పట్టీలూ. తన వొళ్లు మాత్రం అట్టిలా దగ్గర ఎత్తిన బండ బరువులతో తయారైంది. ఒంటిచేత్తో 269 పౌన్లు, అంటే 122 కిలోలు తల పైకెత్తిన మనిషిగా పేరున్నవాడు, తేలిక డంబెల్ తో మీరూ నాలా అవుతారన్న నమ్మకాన్ని అమ్మాడు. పద్దులు రాయమని అందరికీ చెప్పినవాడు తన పద్దులో మొదటి పేజీ చింపేశాడన్నమాట. ఆ బరువుల దగ్గరా తగాదాలున్నాయి. 1898లో షెఫీల్డ్ లో ఆర్థర్ శాక్సన్ అనే కుర్రాడితో జరిగిన పోటీలో ఎవరు గెలిచారన్నది కోర్టు దాకా వెళ్లింది. రంగస్థలం మీద ఇనప గుండు ఎంత బరువో అది ఆడించేవాడు చెప్పిందే లెక్క. కాటా పెట్టి తూచేవాళ్లెవరు?

అయినా ఒక విషయంలో మెచ్చుకోవాలి. 1901 సెప్టెంబరు 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో తన శిష్యులకి పెద్ద పోటీ పెట్టాడు. మూడేళ్లపాటు జిల్లాల వారీగా పోటీలు నడిచి, చివరికి అరవై మంది మిగిలారు. హాల్లో 15,000 మంది జనం. న్యాయనిర్ణేతలు శాండో, శిల్పి చార్లెస్ లాస్, షెర్లాక్ హోమ్స్ కథల ఆర్థర్ కానన్ డాయిల్. అంతలావు కండ ఎవరిదన్నది కాదు చూసింది. అన్ని భాగాలూ సమంగా పెరిగాయా, ఆరోగ్యం ఎలా ఉంది, చర్మం ఎలా ఉంది అని కూడా చూశారు. నాటింగ్ హామ్ కి చెందిన విలియం ముర్రే గెలిచి, శాండో రూపంతోనే చేసిన బంగారు బొమ్మ అందుకున్నాడు. వసూళ్లు యుద్ధంలో నష్టపోయిన కుటుంబాల సహాయనిధికి వెళ్లాయి. ఇవాళ మిస్టర్ ఒలింపియా గెలిచినవాళ్లకి ఇచ్చే బొమ్మ కూడా శాండోదే.

తర్వాత దేశాలు తిరిగాడు. 1905లో మన దేశానికీ వచ్చాడు. కలకత్తా, బొంబాయిల్లో ప్రదర్శనలిచ్చాడు. అప్పటికే మనకి తాలింఖానాలున్నాయి, దండీలూ బస్కీలూ ఉన్నాయి, గదలూ సంగిడీలూ ఉన్నాయి. శాండో రాకముందు మనవాళ్లకి బలం లేదనుకుంటే పొరపాటు. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు ఆ కాలంవాడే కదా. అయితే వస్తాదుల విద్య గురువు నోటి నుంచి శిష్యుడి వొంటికి వెళ్లేది. శాండో విద్య కాగితం మీద వచ్చింది. అందుకే అది పోస్టులో ప్రయాణం చెయ్యగలిగింది. బెంగుళూరులో కె.వి. అయ్యర్ గారు శాండోని ఎంతో అభిమానించి, తనూ పోస్టు ద్వారా పాఠాలు చెప్పారు. తమిళనాట వస్తాదుగా మొదలై నిర్మాతయిన చిన్నప్ప దేవర్ పేరుకి ముందు శాండో చేరింది. చివరికి బనీనుకీ చేరింది.

ఇంతకీ ఇంట్లో ఏం జరుగుతోంది? నేనీ పేజీకి రాస్తున్నదాన్ని కాబట్టి అతని భార్య కోసమే ఎక్కువ వెతికాను. పేరు బ్లాంచ్. మాంచెస్టర్ లో ఒక ఫోటోగ్రాఫర్ కూతురు. ఇద్దరు ఆడపిల్లలు, హెలెన్, లొరేన్. ఆడవాళ్లు ఊపిరాడకుండా నడుం బిగించుకునే కార్సెట్లు ఆరోగ్యానికి చేటని, స్త్రీలు కూడా వ్యాయామం చెయ్యాలని శాండో చెప్పాడు. మంచి మాటే. కొన్నేళ్లకి అతని పేరు మీదే కార్సెట్ మార్కెట్లోకి వచ్చింది. ఆరోగ్యకరమైన కార్సెట్టట! వ్యాపారం అలాంటిది. అతని ఛాతీ ఎంతో, జబ్బ ఎంతో లోకమంతటికీ తెలుసు. బ్లాంచ్ గురించి లోకానికి తెలిసింది ఒక పేరాకి మించదు.

1906లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. 1911లో అయిదో జార్జి చక్రవర్తి తన వ్యాయామ ఆచార్యుడిగా నియమించుకున్నాడు. ఆ వైభవం ఎంతోకాలం లేదు. కోకో పొడి వ్యాపారం పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీ పుట్టుక ఉన్నవాళ్లంటే ఇంగ్లండులో కోపంగా చూసే రోజులవి. వ్యాపారం కూలిపోయింది.

1925 అక్టోబరు 14న లండన్ లో పోయాడు. 58 ఏళ్లే. గుంటలో దిగబడ్డ కారుని ఒంటిచేత్తో పైకి లేపబోయి తల్లో నరం చిట్లిందన్న కథ ఊరంతా పాకింది. రికార్డులో ఉన్నది మాత్రం గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బడం. చూశారా, చావుకీ రెండు లెక్కలు! జనానికి ఒకటి, రికార్డుకి ఒకటి. జనం మాత్రం కారునే నమ్మారు.

బ్లాంచ్ అతన్ని పట్నీ వేల్ శ్మశానంలో పూడ్పించి, సమాధి మీద రాయి గానీ పేరు గానీ వద్దంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువసార్లు కొలవబడ్డ శరీరం ఎక్కడుందో చెప్పే గుర్తు లేదు. అతనికి బయట స్నేహాలు ఎక్కువని, అందుకే ఆమె అలా చేసిందని చెప్పుకున్నారు. నేనేం అల్లను. ముప్పై ఏళ్లపాటు లోకం చూసేందుకు నిలబెట్టిన మనిషితో ఒక ఇంట్లో ఉన్న ఆడది, చివరికి ఇక ఎవరూ చూడక్కర్లేదనుకుందేమో. ఆ ఒక్క పని తప్ప తన మనసు గురించి ఆమె మనకి వదిలివెళ్లింది ఏమీ లేదు.

అతను చింపేసిన మొదటి పేజీని మళ్లీ రాసింది ఒక డాక్టరు. 1945లో, యుద్ధంలో కాళ్లు దెబ్బతిన్న సైనికులకి షికాగోలోని సైనిక ఆస్పత్రిలో వైద్యం చేస్తూ థామస్ డిలార్మ్, తేలిక బరువులు వందసార్లు ఊపడం మాని, పెద్ద బరువులు తక్కువసార్లు ఎత్తించాడు. ఒక్కొక్కరు పదిసార్లు ఎత్తగలిగిన గరిష్ఠ బరువెంతో చూసి రాసుకుని, వారం వారం మళ్లీ పరీక్షించి పెంచాడు. బలం వచ్చింది. ఎంత వచ్చిందో కాగితం మీదా ఉంది. ఇప్పుడు మావాడు రాస్తున్న నోటు పుస్తకానికి శాండో తాత అయితే, డిలార్మ్ తండ్రన్నమాట. ఆడవాళ్లకి ఆ కాటా దగ్గరికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. స్త్రీల ప్రపంచ పవర్ లిఫ్టింగ్ పోటీలు మొదలైంది 1980లో. ఒలింపిక్స్ లో స్త్రీల వెయిట్ లిఫ్టింగ్ 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అందులో ఎవరి నోటి మాటా లేదు, ప్రతి కిలో కాటా మీద తూచిందే. చివరి ప్రయత్నంలో ఆమె చేతికందకుండా పోయిన 137.5 కూడా అలాగే రాసి ఉంది.

మావాడికి ఇవన్నీ ఒక్కరోజులో చెప్పలేదు, చెబితే వింటాడా? పుస్తకం మాత్రం దులిపి టేబుల్ మీద పెట్టాను. తర్వాత ఇద్దరం కూర్చుని పేజీలు తిప్పాం. మూడు వారాలూ అరవయ్యే, నిజమే. కానీ మొదటి వారం అరవైతో గుంజీలు మూడు, రెండో వారం నాలుగు, మూడో వారం అయిదు. పెరగలేదంటావేంరా, ఈ పక్క గడి చూడలేదా అన్నాను. మూడో వారంలో రెండు రోజులు పరీక్షల కోసం రాత్రి రెండింటిదాకా మేలుకున్నాడు, అది పుస్తకంలో లేదు. నిద్రకీ ఒక గడి గీశాం. నా టైలరింగ్ టేపు తెచ్చి తొడ కొలిచి ఆ అంకె కూడా పైన రాశాను. సిగ్గుపడ్డాడు గానీ కొలిపించుకున్నాడు.

శాండో సమాధి మీద 2002లో ఒక అభిమాని రాయి పెట్టించాడు. 2008లో అతని వంశంలోని వారసుడొకరు ఆ స్థలం కొని, పాత రాయి తీయించి, గులాబీరంగు ఇసుకరాయి నిలబెట్టించాడు. పెద్దగా చెక్కడాలేం లేవు. పైనుంచి కిందికి నిలువుగా శాండో అన్న పేరు. ఆ రాయి బరువు టన్నున్నర.